చెప్పింది చెప్పినట్టు

ఆ శనివారం పొద్దున సుకుమార్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మొదటి బస్సుకి ఏలూరు వెళ్ళాలి. అక్కణ్ణుంచి పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం పోయి, అత్తగారు దేవకుమారి దగ్గరున్న పెళ్ళి ఆల్బమ్ తెచ్చుకోవాలి. తిరుగు దారిలో ఏలూరులో దిగి, వీసా కాగితాల కోసం అందులో నాలుగు ఫొటోలకి కాపీలు తీయించాలి. భోజనాల వేళకి ఇల్లు చేరి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అరుగు మీద కుర్చీ వేసి, సాయంత్రం ఎంక్వైరీకి వస్తానని కబురు చేసిన కానిస్టేబులు కోసం ఎదురుచూడాలి. పుట్టి బుద్ధెరిగాక ఏ పోలీసూ అతని పేరైనా అడిగిన పాపాన పోలేదు. అలాంటిది, ఒక పోలీసు తన గుమ్మం తొక్కాలని రెండు నెలలుగా ప్రార్థన చేసుకుంటున్నాడు.

దానికి కారణం దీవెన. దీవెన అతని భార్య. నర్సుగా న్యూజిలాండులో ఉద్యోగం దొరికి, పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే విమానమెక్కింది. అప్పట్నుంచీ సుకుమార్ ఆదివారం ఆదివారం ఫోనులో కాపురం చేస్తున్నాడు. “తిన్నారా?” అంటుంది ఆ అమ్మాయి. “తిన్నాను,” అంటాడు ఇతను. ఆ తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచక కాసేపు లైను ఖర్చవుతుంది. భర్తగా అతను అక్కడికి వెళ్ళడానికి కావలసిన కాగితాలన్నీ, ఆ ఫొటోలు పోను, ప్లాస్టిక్ కవరులో సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఫలానా మనిషి మీద ఏ నేరమూ లేదని సర్కారు రాసిచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు. ఆ ఒక్క కాగితం వస్తే భార్య దక్కుతుంది, రాకపోతే ఫోను దక్కుతుంది.

నిజానికి ఆ సర్టిఫికెట్టుకి అతనికంటే అర్హుడు కొల్లేటి చుట్టూ ఎవడూ లేడు. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పే సుకుమార్, ఒకసారి బస్సు కిక్కిరిసి కండక్టరు తనదాకా రాలేకపోతే, మర్నాడు రెండు టిక్కెట్లు కొన్న మనిషి. అయినా బయల్దేరే ముందు తల్లి సువార్తమ్మకి జాగ్రత్తలు చెప్పాడు. ఒకవేళ ఆ కానిస్టేబులు ముందే వస్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇమ్మన్నాడు. ఏమైనా అడిగితే, మంచివాడండి అని ఒక్క మాట చెప్పి ఊరుకోమన్నాడు.

“ఏం చెప్పాలో నాకు తెలుసులే నాయనా. నువ్వెళ్ళు, బస్సు పోతుంది,” అంది సువార్తమ్మ.

బస్సు పోలేదు. కానిస్టేబులే ముందొచ్చాడు.

అతని పేరు పోసిబాబు. చింతలపూడి మెట్ట మనిషి. ఆయిల్‌పామ్ తోటల మధ్య ఉద్యోగం చేసి చేసి, ఈమధ్యే బదిలీ మీద ఈ పల్లపు ప్రాంతానికి దిగాడు. ఒకప్పుడు ఒక రిపోర్టులో తన అభిప్రాయం రెండు ముక్కలు కలిపి రాసి పైవాళ్ళ చేత నానా చీవాట్లూ తిన్నాడు. అప్పట్నుంచి అతనికి ఒకటే నియమం. ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయడం. దాన్ని అర్థం చేసుకోవడం పై అధికారుల పని. సాయంత్రం వానొచ్చేలా ఉందని ఆ రోజు పొద్దున్నే సైకిలేసుకుని సుకుమార్ ఊరు పెనుమాకలంక వచ్చేశాడు. ఆ పూట జరిగిందేమిటో సుకుమార్ తరవాత తల్లి నోటా, పోసిబాబు నోటా విని కూర్చుకున్నాడు.

మజ్జిగ తాగాక పోసిబాబు, మీ అబ్బాయి ఎలాంటివాడమ్మా అని అడిగాడు. సువార్తమ్మ, మంచివాడండి, ఇప్పుడు దేవుని బిడ్డ అంది. అక్కడితో ఆగితే కథ లేదు. పోసిబాబు ఆ ‘ఇప్పుడు’ని పట్టుకున్నాడు. మరి అంతకు ముందో అన్నాడు. సువార్తమ్మ ఆదివారాలే కాదు, శనివారాలు కూడా అబద్ధమాడదు.

“అంతకు ముందు పాపంలో ఉన్నాడు బాబూ. ఆ సంగతి వాడే సాక్ష్యం చెప్పాడు. ఊరంతా విన్నారు,” అంది.

పోసిబాబు పెన్ను మూత తీశాడు. “సాక్ష్యమా? ఏ కేసులోనండీ?”

“ఎవరి కేసో ఎందుకు బాబూ, తన మీద తనే చెప్పుకున్నాడు. అన్నీ ఒప్పేసుకున్నాడు.”

“శిక్ష పడిందా మరి?”

“పడాల్సిందేనండి. వాడికి బదులు ఆయన భరించాడు.”

“ఎవరండీ ఆయన?”

సువార్తమ్మ వేలెత్తి పైకి చూపించింది. పోసిబాబు తలెత్తి చూశాడు. పైన పెంకులే ఉన్నాయి, మేడ లేదు. తమ డిపార్టుమెంటులో పైవాళ్ళెవరో అయి ఉంటారనుకున్నాడు. అలాంటప్పుడు తిరిగి అడగడం మర్యాద కాదు.

“విడుదల ఎప్పుడయిందండీ?”

“కూడికల ఆఖరి రోజునండి. ఎన్నాళ్ళ చెర బాబూ అది. ఒక్కసారిగా విడుదలైపోయాడు,” అని సువార్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

చర్చిలో మాటలూ పోలీసు స్టేషన్లో మాటలూ ఒకటే కావడం తెలుగు భాష చేసిన తప్పు. అందులో సువార్తమ్మదీ దోషం లేదు, పోసిబాబుదీ లేదు. అతను తన రివాజు ప్రకారం రాశాడు: ‘దరఖాస్తుదారు లోగడ నేరములు చేసి ఒప్పుకొనినట్లు తల్లి చెప్పినది. సొంత కేసులో సాక్ష్యం చెప్పినాడు. శిక్ష వేరొకరు అనుభవించినారు. తదుపరి విడుదలైనాడు. ప్రస్తుతం బుద్ధిగా ఉన్నాడు.’ ఇంతకీ చేసిన నేరమేమిటని అడిగితే సువార్తమ్మ అదీ చెప్పింది. అబ్బాయిరాజు గారి చేపల చెరువులో మందు కలిపి చేపలన్నిట్నీ చంపడం.

సుకుమార్ ఆల్బమ్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసరికి తల్లి నవ్వుతూ ఎదురొచ్చింది. “ఎంత శ్రద్ధగా విన్నాడురా ఆ అబ్బాయి. నీ సాక్ష్యం ఒక్క ముక్క పోనివ్వకుండా రాసుకున్నాడు,” అంది. సుకుమార్ చంకలోంచి ఆల్బమ్ జారి కింద పడింది. తల్లి చెప్పిందానికి కాదు. ఆ సాక్ష్యంలో నిజం ఒక్క ముక్క కూడా లేనందుకు.

ఆ సంగతి జరిగి నాలుగైదేళ్ళయింది. ఊళ్ళో పందిరి వేసి చర్చివాళ్ళు భక్తిని మేల్కొలిపే ఉజ్జీవ కూడికలు పెట్టారు. సాక్ష్యం చెప్పమంటే, అంటే పాత పాపం ఒప్పుకుని దేవుడు తనని ఎలా మార్చాడో చెప్పమంటే, సుకుమార్ మొదటిరోజు లేచి నిలబడి, చిన్నప్పుడు బళ్ళో సుద్దముక్క దొంగిలించిన సంగతి కంటతడితో చెప్పాడు. ముందు వరసలో ముసలమ్మ నిద్రపోయింది. వెనక ఎవరో దగ్గారు. అతని తరవాత లేచినతను కైకలూరు వైపు గేదెలు తోలుకుపోయిన దొంగ. ఆయన మొదలుపెట్టీ పెట్టకముందే పందిరంతా వెక్కిళ్ళు. దేవుడు తనని కూడా అంత కష్టపడే రక్షించాడని జనానికి తెలియకపోతే ఎలా అని సుకుమార్ రెండు రోజులు కుమిలిపోయాడు. మంచివాళ్ళకి ఇదొక జబ్బు. ఆఖరి రోజున మైకు అందుకుని, అంతకు కొన్నేళ్ళ ముందు ఊళ్ళో ఎవరు చేశారో తేలకుండా ఉండిపోయిన చెరువు నేరాన్ని అరువు తెచ్చుకున్నాడు. చీకట్లో చెరువులో ఈదుకుంటూ వెళ్ళి మందు కలిపానన్నాడు. తెల్లవారేసరికి చచ్చి తేలిన చేపలు తన వంకే చూశాయన్నాడు. చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చాడు. లౌడ్‌స్పీకరు ఉంది కాబట్టి పక్క లంకలు రెండూ కూడా ఏడ్చాయి.

ఏడ్చినవాళ్ళలో, మేనత్త ఇంటికి వచ్చి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న దీవెన కూడా ఉంది. తాడేపల్లిగూడెంలో, ఏలూరులో వచ్చిన బుద్ధిమంతులైన సంబంధాలన్నీ కాదన్న పిల్ల, ఆ సాక్ష్యం చెప్పిన అబ్బాయైతేనే చేసుకుంటానంది. ఆ మాట దేవకుమారి స్వయంగా వచ్చి చెబితే, నిజం చెప్పేయాలని సుకుమార్ నోరు తెరిచాడు. ఆ నోట్లో ఎవరో మిఠాయి పెట్టారు. అంతే, పెళ్ళయిపోయింది.

కాబట్టి సుకుమార్ పరిస్థితి ఇదీ. భార్య దగ్గరికి వెళ్ళాలంటే ఆ నేరం చెయ్యలేదని చెప్పాలి. చెయ్యలేదని చెబితే ఆ భార్య ఏమంటుందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రమే స్టేషనుకి పరుగెత్తి, అది చర్చి కూడికల్లో మైకులో చెప్పిన సాక్ష్యమని చెప్పుకున్నాడు. ఎస్సై గారు నెమ్మదస్తుడు. పోసిబాబు రిపోర్టు అప్పటికే రెండుసార్లు చదివి, పాత బీరువా తీయించి, అబ్బాయిరాజు గారు అప్పట్లో ఇచ్చిన కంప్లైంటు కాగితం కూడా బయటికి లాగించాడు. గుర్తు తెలియని వ్యక్తులు చెరువులో మందు కలిపారని అందులో ఉంది. ఆ చెరువే ఇప్పుడు లేదు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించేసిన ఏడాది అదీ కొట్టుకుపోయింది. గట్టు పోయింది గానీ కేసు పోలేదు.

“చేశారా, చెయ్యలేదా మాస్టారూ?” అని అడిగాడు ఎస్సై.

“చెయ్యలేదండి.”

“మరి చేశానని మైకులో ఎందుకు చెప్పారండీ?”

సుకుమార్ బల్ల అంచుని గోటితో గీశాడు. “సాక్ష్యం బాగుంటుందనండి,” అన్నాడు.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. చేసి చెయ్యలేదన్నవాళ్ళని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను గానీ, చెయ్యకుండా చేశానన్న మనిషిని ఇదే చూడటం అన్నాడు. పాపం ఆయనా కసురుకోలేదు. రెండే దారులున్నాయన్నాడు. మీ పాస్టరు గారు వచ్చి ఆ సాక్ష్యం ఉత్తిదని చెప్పాలి, లేదా అబ్బాయిరాజు గారు వచ్చి ఇందులో మీకేం సంబంధం లేదని చెప్పాలి. ఎల్లుండి కాక ఆ పై సోమవారానికల్లా రిపోర్టు ఏలూరు పంపించెయ్యాలి, ఆ లోపల చూసుకోండి అన్నాడు.

మర్నాడు ఆదివారం దీవెన ఫోను చేసింది. పోలీసులు వచ్చారా అని అడిగింది. వచ్చారన్నాడు. ఏమన్నారు అంది. రాసుకున్నారన్నాడు. తను చిన్న ఇల్లొకటి అద్దెకి తీసుకున్నాననీ, వంటింట్లో ఇన్నాళ్ళూ ఒక్క కుర్చీయే ఉండేదనీ, నిన్ననే రెండోది కొన్నాననీ చెప్పింది. తన వైపు కాగితాలు ఈ వారంలోనే ఇచ్చేస్తున్నానంది. ఫోను పెట్టేశాక సుకుమార్ ఆ కుర్చీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఎన్నడూ చూడని ఆ కుర్చీ మీద బెంగ పెట్టుకున్నాడు.

ముందు పాస్టరు ఎజ్రా గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన తెల్లటి గడ్డం, మెత్తటి మనసు ఉన్న పెద్దాయన. సుకుమార్ మోకాళ్ళ మీద పడినంత పనిచేసి, అయ్యగారూ, ఆ చెరువులో మందు నేను కలపలేదండీ అన్నాడు. ఎజ్రా గారు అతని మొహంలోకి జాలిగా చూశారు. పోలీసులు వచ్చారటగా అన్నారు. వచ్చారండి అన్నాడు సుకుమార్. అప్పటికి ఆయనకి సంగతంతా బోధపడిపోయింది, తప్పుగా. అధికారులకి జడిసి కుర్రాడు తన సాక్ష్యాన్నే కాదంటున్నాడనుకున్నారు. భయపడకు నాయనా, నువ్వు మారిన మనిషివని నేను రాసిస్తాను అని అతని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. ఆ చేతి కింద నుంచి సుకుమార్ ఎంత చెప్పినా ఆమెన్ కిందే జమ అయింది.

ఎజ్రా గారు మాట నిలబెట్టుకున్నారు. మర్నాడే స్టేషనుకి ఉత్తరం రాసి పంపించారు. ఈ సుకుమార్ ఒకప్పుడు విషం పెట్టిన ఘోరపాపి అనీ, ఇప్పుడు గొర్రెపిల్లలాంటివాడనీ, తాను దీనికి ప్రత్యక్షసాక్షిననీ అందులో ఉంది. ఎస్సై గారు దాన్ని పోసిబాబు రిపోర్టుకి గుండుసూదితో జతచేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో సోషల్ మాస్టారికి అప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది అబ్బాయిరాజు గారు. ఊళ్ళో పెద్ద రైతు. చేపల చెరువులు పోయాక మళ్ళీ వరిలోకి దిగాడు. సుకుమార్ సాక్ష్యం విన్న మర్నాడు ఈయన కర్ర పుచ్చుకుని వస్తాడని అప్పట్లో ఊరంతా ఎదురుచూసింది. ఆయన కర్ర తీసుకోకుండా వచ్చి, సుకుమార్ భుజం మీద చెయ్యేసి, పోనీలెండి మాస్టారూ, క్షమించానన్నాడు. రాజుగారి మనసు ఎంత గొప్పదో అని జనం చెప్పుకున్నారు. అంత గొప్ప మనసున్న మనిషి ఈ చిన్న సాయం చెయ్యకపోతాడా అని సుకుమార్ ఆశపడ్డాడు.

అరుగు మీద కూర్చుని విషయం మొదలుపెట్టీ పెట్టగానే రాజుగారు లేచి ఇంట్లోకి ఒకసారి తొంగిచూశాడు. తరవాత సుకుమార్ చెయ్యి పట్టుకుని పశువుల పాకలోకి లాక్కుపోయాడు.

“మీరు చెయ్యలేదని నాకు తెలుసండి మాస్టారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “చేసింది నేనేనండి.”

సుకుమార్ గేదె మెడతాడు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. రాజుగారు గబగబా చెప్పుకుపోయాడు. అప్పట్లో చేపలకి పేను పట్టింది. చేపల డాక్టర్ని అడిగి మందు వెయ్యండని ఆయన భార్య సత్యవేణి గారు చెప్పింది. ఆడవాళ్ళు చెబితే వినడమేమిటని ఈయన తనకి తోచినంత పోశాడు. తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలింది. ఏమైందని ఆవిడ అడిగితే, ఎవరో గిట్టనివాళ్ళు మందు కలిపారన్నాడు. ఆవిడ నమ్మినట్టు కనిపించక, నమ్మించడానికి స్టేషన్లో కంప్లైంటు కూడా ఇచ్చాడు. అయినా చేపల కూర వండిన ప్రతిసారీ ఆవిడ గిన్నె ఆయన ముందు పెట్టి, ఒక్క మాటైనా అనకుండా ఆయన మొహంలోకి చూసేది. ఆ చూపుతో ఏళ్ళు గడిచాయి.

“మీరు మైకులో చెప్పిన రోజున, అయ్యో మిమ్మల్ని అనుమానించానండీ అని ఏడ్చిందండి మా ఆవిడ. అప్పట్నుంచే ఇంట్లో నాకు మర్యాద. మీకు దణ్ణం పెడతాను, మళ్ళీ చెయ్యలేదనకండి,” అన్నాడు రాజుగారు. నిజంగానే దణ్ణం పెట్టాడు.

అంతలో సత్యవేణి గారు కాఫీ పట్టుకుని పాకలోకే వచ్చేసింది. సుకుమార్ సర్టిఫికెట్టు ఇబ్బంది ఆవిడ చెవినీ పడింది. పాపం, ఎప్పుడో తెలియక చేసినదానికి ఇప్పుడు ఆ పిల్లని వీళ్ళకి దూరం చేస్తారా, మీరు వెళ్ళి క్షమించేశానని చెప్పి రండి అని మొగుణ్ణి తరిమింది. ఆవిడ చెప్పాక తప్పుతుందా. రాజుగారు స్టేషనుకి వెళ్ళి, నేను మాస్టారిని ఎప్పుడో క్షమించానండీ అని నిండు మనసుతో చెప్పాడు.

“క్షమించారంటే ఆయన చేసినట్టేగదండీ?” అన్నాడు ఎస్సై.

అబ్బాయిరాజు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. పోసిబాబు ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాడు. అంతవరకూ తల్లి ఒక్కతే చెప్పిన మాటకి ఇప్పుడు పాస్టరూ, ఫిర్యాదుదారూ కూడా తోడయ్యారు. గుర్తు తెలియని వ్యక్తులని ఇన్నేళ్ళుగా ఉన్న చోట సుకుమార్ పేరు రాయడానికి ఇంకేం అడ్డం లేదు. సాయం చేస్తామని వచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక మేకు కొట్టి వెళ్ళారు. సుకుమార్ అన్నం మానేశాడు. స్కూల్లో పిల్లలకి పానిపట్టు యుద్ధం చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఎవరు ఓడిపోయారో మర్చిపోయాడు.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అతను లేచి మైకు అడిగాడు. పాస్టరు గారు సంతోషంగా ఇచ్చారు. లౌడ్‌స్పీకరు కట్టేస్తే బాగుంటుందండీ అని సుకుమార్ నసిగితే, సాక్ష్యానికి సిగ్గెందుకు నాయనా అని ఇంకొంచెం పెంచారు.

“నేను ఆ రోజు చెప్పిన సాక్ష్యం అబద్ధమండి,” అన్నాడు సుకుమార్. అతని గొంతు లంకంతా వినపడింది. “నేను ఏ చెరువులోనూ మందు కలపలేదు. నాకసలు ఈత రాదు. సుద్దముక్క ఒక్కటే నిజం. నా పాపం చిన్నదని సిగ్గుపడి పెద్దది చెప్పుకున్నాను. అందరూ నన్ను క్షమించాలి. నాకు మా ఆవిడ దగ్గరికి వెళ్ళాలనుందండి.”

ఆఖరి మాటతో మైకు పాస్టరు గారి చేతిలో పెట్టి కూలబడ్డాడు.  అప్పట్లో సుద్దముక్క దగ్గర నిద్రపోయిన ముసలమ్మ ఈసారి కళ్ళు విప్పార్చుకుని మరీ చూస్తోంది. ఎజ్రా గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి, ఇక్కడి పిల్లని చేసుకుని స్థిరపడిన గేదెల దొంగ మెల్లిగా లేచాడు. తాను తోలుకుపోయింది గేదెల్ని కాదనీ, ఒక దూడననీ, అదీ తన మావయ్యదేననీ చెప్పి కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు లేవబోతుండగా, ఇలా వదిలేస్తే సంఘంలో పాపులే మిగలరని పాస్టరు గారు కంగారుగా పాట ఎత్తుకున్నారు.

ఇంటికి వెళ్ళే దారంతా సువార్తమ్మ ముందు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, “సుద్దముక్క సంగతి నిజమేగా?” అని అడిగింది. నిజమేనన్నాడు సుకుమార్. “పోనీలే, అదైనా ఉంది,” అని లోపలికి వెళ్ళింది.

ఆ మైకు రాజుగారి పెరట్లోకి కూడా వినపడింది. వడియాలు పెడుతున్న సత్యవేణి గారు చెయ్యి అలాగే ఆపి మొగుడి వంక చూసింది. ఆ చూపు ఆయనకి పాతదే. సోమవారం పొద్దున, ఎస్సై రిపోర్టు కవరులో పెట్టకముందే, రాజుగారు ముందు, గొడుగు పట్టుకుని ఆవిడ వెనక స్టేషనుకి వచ్చారు. తన చెరువులో మందు తనే ఎక్కువ పోశానని రాజుగారు చెప్పాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పండి, ఆ అబ్బాయికి వినపడలేదు అంది సత్యవేణి గారు. పోసిబాబు రాసుకున్నాడు.

కొన్ని వారాలకి రిజిస్టరు పోస్టులో సర్టిఫికెట్టు వచ్చింది. ఇతనిపై ఏ నేరమూ నమోదు కాలేదని అందులో ఉంది. సుకుమార్ దాన్ని నాలుగుసార్లు చదివి, కాపీ తీయించి పంపించేశాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఊరందరికీ చెప్పిన నిజం దీవెనకి ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం చెబుదామనుకోవడం, ఆ రెండో కుర్చీ గుర్తుకొచ్చి నోరు పెగలకపోవడం. చివరికి ఒక ఆదివారం ఆ అమ్మాయి తిన్నారా అని అడగ్గానే, తినలేదని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు.

 సుకుమార్ కళ్ళు మూసుకున్నాడు.

“పెళ్ళయిన కొత్తలో కొల్లేట్లో దోనె ఎక్కాం, గుర్తుందా అండీ?” అంది దీవెన. “మోకాలి లోతు నీళ్ళలో నా చెయ్యి పట్టుకుని, దిగేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. ఈ మనిషి చీకట్లో చెరువు ఈదాడా అని అప్పుడే అనుకున్నాను.”

“మరి అడగలేదేం?”

“మీరే చెబుతారని చూశాను.”

సుకుమార్‌కి ఏడుపొచ్చింది. ఈసారి మైకు లేదు, పందిరి లేదు, అయినా ఆగలేదు. ఇన్నేళ్ళూ గుండెల మీద మోసిన బండ ఇంత తేలికైనదా అనిపించింది. తేరుకుని, సర్టిఫికెట్టులో తన మీద ఏ నేరమూ లేదని రాసిచ్చారనీ, అది అక్కడి వీసా ఆఫీసుకి చేరిపోయి ఉంటుందనీ సంబరంగా చెప్పాడు. అటు ఏదో కాగితం విప్పిన చప్పుడు వినపడింది. 

“అదేనండీ గొడవ,” అంది దీవెన నెమ్మదిగా. “మీరిద్దరూ ఎలా కలిశారు, ఇతన్నే ఎందుకు చేసుకున్నారు, వివరంగా రాయమని అడిగారు ఇక్కడ. కూడికలూ, చెరువూ, చేపలూ అన్నీ రాసిచ్చాను. నీ మొగుడి మాటకీ పోలీసుల మాటకీ పొంతన లేదని మొన్న ఉత్తరం పంపించారు.”

“అబద్ధమని తెలిసి కూడా రాశావా?”

“నేనేం కల్పించలేదండీ. మీరు చెప్పింది చెప్పినట్టే రాశాను.”

సుకుమార్ మంచం మీద కూర్చుండిపోయాడు. దీవెన ఇంకా చెబుతూనే ఉంది. వాళ్ళ ఆఫీసు నుంచి తెలుగు తెలిసిన మనిషెవరో ఇంటికి ఫోను చేస్తారట. అబ్బాయి సంగతులు ఇంట్లో పెద్దవాళ్ళనే అడిగి తెలుసుకుంటారట. వాళ్ళు ఏం చెబితే అదే ఖాయమట. ఫోను చేసి అమ్మనే అడుగుతారా అని సుకుమార్ గట్టిగా అన్నాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న సువార్తమ్మ కొంగు బిగించి, ఫోను పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. “కంగారు పడకు నాయనా. ఏం చెప్పాలో నాకు తెలుసులే,” అంది.

కిందటిసారీ ఆవిడ సరిగ్గా ఈ మాటే అంది.